తాతగారి ఫెల్ట్ టోపీ: దులిపే ముందు చూడాల్సినవి, తలకెత్తుకునే ముందు చేయాల్సినవి

మీరు రాసిన వివరాలివి. తాతగారి ట్రంకుపెట్టెలో బూడిదరంగు ఫెల్ట్ టోపీ దొరికింది. లోపలి తోలుపట్టీ మీద బంగారు అక్షరాల్లో లండన్ అని, వెనక చిన్న చీటీ మీద 7 అని ఉన్నాయి. అంచు కింద రెండు చిల్లులు, పైన సొట్ట, రిబ్బను మీద చెమట మరక, ముక్కిపోయిన వాసన. నాన్నగారి షష్టిపూర్తి నాడు ఆ టోపీ ఆయన తల మీద పెట్టి ఒక ఫోటో తీయాలని మీ కోరిక. ఇంట్లోవాళ్లేమో డ్రైక్లీనింగుకి ఇచ్చేయమంటున్నారు.

డ్రైక్లీనింగుకి మాత్రం ఇవ్వకండి. అక్కడి ద్రావకం తోలుపట్టీలో మిగిలి ఉన్న కాస్త నూనెనీ లాగేస్తుంది. యంత్రంలో దొర్లడంతో ఆకారం పోతుంది. తిరిగొచ్చేది శుభ్రమైన ఫెల్ట్ ముక్కే, టోపీ కాదు. ఈ పనిలో నేను గట్టిగా పట్టుకునే పద్ధతి ఒక్కటే: టోపీని తినేసే వాటిని తీసేయాలి, పెట్టుకున్న మనిషి వదిలినవాటిని ఉంచేయాలి. పురుగు, బూజు, తేమ, వదులు దుమ్ము మొదటి రకం. రిబ్బను మీది చెమట గీత, ముందు నొక్కు (టోపీ ముందువైపు లోపలికి నొక్కి పెట్టిన గుంట) దగ్గర వేళ్లు పడి అరిగిన చోటు రెండో రకం. ఇవి టోపీని పెద్దగా పాడుచేయవు. ఒకసారి పోతే మళ్లీ తెచ్చుకోలేరు.

ఫెల్ట్ అనేది నేసిన గుడ్డ కాదు. కుందేలు, బీవరు వంటి జంతువుల బొచ్చునో, గొర్రె ఉన్నినో తడి, వేడి, రాపిడి తగిలిస్తే వెంట్రుకల మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని దట్టమైన పొరగా బిగుసుకుంటాయి. గట్టిదనం కోసం దానికి లక్క ద్రావణం పట్టించేవారు, మన అడవుల్లో చెట్ల మీద దొరికే లక్కే. టోపీకి జరిగే నష్టాల్లో సగం ఈ రెండు సంగతులు తెలిస్తే అర్థమవుతాయి. తడి, వేడి, రాపిడి మళ్లీ కలిస్తే ఫెల్ట్ ఇంకా బిగుసుకుంటుంది, అంటే కుంచించుకుపోతుంది. అందుకే ఉతకకూడదు. లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌లో కరుగుతుంది. అందుకే ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే అంచు వాలిపోతుంది, శానిటైజర్ చల్లితే మచ్చలు తేలతాయి.

ముందు పరిశీలన. బల్ల మీద తెల్లటి పాత పంచె పరిచి, పగటి వెలుతురులో, నైట్రైల్ చేతితొడుగులు వేసుకుని కూర్చోండి. పైనుంచి, నాలుగు పక్కల నుంచి, లోపల, అంచు కింద ఫోటోలు తీసి పెట్టుకోండి. తోలుపట్టీ మెత్తగా వంగుతుంటేనే దాన్ని మెల్లగా బయటికి మడవండి. పెళుసుగా ఉంటే బలవంతం వద్దు, అంచు వెంబడి కుట్టు దగ్గరే చీలిపోతుంది. మడవగలిగితే పట్టీ వెనక ఏముందో చూడండి, అసలు చరిత్ర అక్కడే ఉంటుంది. సైజు చీటీ, ధర చీటీ ఉండొచ్చు. అమెరికా టోపీ అయితే కార్మిక సంఘం ముద్రించిన చిన్న లేబులు ఉండొచ్చు. అక్కడి రెండు పెద్ద టోపీ కార్మిక సంఘాలు 1934లో కలిసిపోయాయి కాబట్టి, లేబుల్ మీద ఉన్న సంఘం పేరు టోపీ ఆ ఏడాదికి ముందుదా తర్వాతదా చెప్పేస్తుంది. పట్టీ మీద పొడి అక్షరాలు కొట్టించుకోవడం కూడా మామూలే. తాతగారి ఇంటిపేరు మొదటి అక్షరం కోసం వెతకండి.

అన్నిటికన్నా విలువైనది ఇంకొకటి ఉండొచ్చు. టోపీ వదులైతే పట్టీ వెనక వార్తాపత్రిక మడిచి దోపడం ఆ రోజుల్లో సామాన్యంగా చేసే పని. అలాంటి మడత కనబడితే పారేయకండి, నలిపి విప్పకండి. ఒక వార్త, ఒక ప్రకటన, ఒక తేదీ చాలు, ఆయన ఆ టోపీని ఏ కాలంలో పెట్టుకున్నారో తేలిపోతుంది. ఉదాహరణకి ఆంధ్రపత్రిక దినపత్రిక ముక్క దొరికితే అది 1914కి ముందుది అయ్యే వీల్లేదు, అంతకు ముందు అది బొంబాయి నుంచి వచ్చిన వారపత్రిక. ఆ కాగితాన్ని విడిగా తెల్ల కవరులో పెట్టి, ఏ వైపు నుంచి తీశారో కవరు మీద పెన్సిల్‌తో రాయండి. మళ్లీ టోపీలో పెట్టొద్దు, పాత న్యూస్‌ప్రింట్‌లోని ఆమ్లం తోలుని ఇంకా పెళుసు చేస్తుంది.

లండన్ అని ఉన్నంత మాత్రాన లండన్‌లో కొన్నట్టు కాదు. అక్కడ తయారైన సరుకు మద్రాసు, సికింద్రాబాదు వంటి ఊళ్ల దుకాణాలకీ వచ్చేది. తయారీదారు పేరు కింద అమ్మిన దుకాణం పేరు కూడా ఉందేమో భూతద్దంతో చూడండి. బంగారు పూత పోయినా అచ్చు నొక్కిన గుర్తు తోలు మీద ఉంటుంది, టార్చి వెలుగు ఏటవాలుగా వేస్తే చదవొచ్చు. పాత ఆల్బంలో తాతగారు ఈ టోపీతో ఉన్న ఫోటో దొరికితే దగ్గర పెట్టుకోండి. సొట్ట ఏది, ఆయన ఇష్టపడి పెట్టుకున్న నొక్కు ఏది అన్నది ఆ ఫోటోయే తేలుస్తుంది.

ఇప్పుడు చేతితొడుగులు ఎందుకన్నానో చెప్తాను, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. బొచ్చు త్వరగా ఫెల్ట్‌గా మారడానికి పూర్వం పాదరసం నైట్రేటు పట్టించేవారు. ఆ ఆవిరి పీల్చిన కార్మికులకి చేతులు వణికేవి, మతి చలించేది. అమెరికాలో టోపీల ఊరుగా పేరుబడ్డ డాన్‌బరీలో ఆ జబ్బుని ‘డాన్‌బరీ వణుకు’ అనేవారు. అమెరికాలో ఈ వాడకం 1941లో ఆగింది. మిగతా దేశాల్లో ఒక్కోచోట ఒక్కో కాలంలో ఆగింది కాబట్టి, పాత బొచ్చు టోపీ ఏదైనా సరే అందులో పాదరసం ఉందనుకునే పని మొదలుపెట్టాలి. మ్యూజియంల వాళ్లు చేసేదీ అదే. గొర్రె ఉన్ని దానంతటదే బిగుసుకుంటుంది గనక ఉన్ని టోపీలతో ఈ భయం తక్కువ. బొచ్చు ఫెల్ట్ పల్చగా, మెత్తగా, వేలితో నొక్కితే తిరిగి లేస్తూ ఉంటుంది. ఉన్ని ఫెల్ట్ కాస్త మందంగా, గరుకుగా ఉంటుంది.

దీన్నిబట్టి కొన్ని జాగ్రత్తలు. దులపడం, ఆవిరి పట్టడం అన్నీ డాబా మీదో పెరట్లోనో, గాలివాటుకి ఎదురు కాకుండా నిలబడి చేయాలి. ఎన్95 మాస్కు దుమ్ముని ఆపుతుంది గానీ పాదరసం ఆవిరిని ఆపదు, కాబట్టి మాస్కు ఉంది కదా అని గదిలో చేయొద్దు. చిన్నపిల్లలు, గర్భిణులు దగ్గర ఉండకూడదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి, కింద పరిచిన గుడ్డని ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు. ఫోటో కోసం కాసేపు పెట్టుకోవడానికీ, రోజూ పెట్టుకు తిరగడానికీ చాలా తేడా ఉంది. మొదటిదానికి అడ్డు చెప్పను, రెండోది వద్దనే అంటాను. నాన్నగారికి టోపీ నచ్చి రోజూ కావాలంటే ఇదే కొలతకి కొత్తది కొనివ్వండి.

రెండు చిల్లులున్నాయన్నారు. అది చిమ్మెట పని, పీచు తినేది దాని పిల్లపురుగు. పురుగు ఇంకా ఉందా లేదా అన్నదే ముందు తేలాలి. రిబ్బను మడతల్లో, తోలుపట్టీ వెనక ఇసుకలాంటి రేణువులు, చిన్న పట్టుగూడు తొడుగులు కనబడితే ఉన్నట్టే అనుకోండి. మందులకన్నా చలి మంచి విరుగుడు. టోపీ లోపల ఉత్త తెల్ల టిష్యూ కాగితం నింపి, మందమైన పాలిథీన్ కవరులో పెట్టి, గాలి తీసి, టేపుతో మూసి, దాని మీద ఇంకో కవరు వేసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. ఇంటి ఫ్రిజ్ పై అర చాలదు. 30 సెంటీమీటర్లు దాటే అంచు అందులో వంగిపోతుంది. పై మూత తెరిచే రకం ఫ్రీజర్ కావాలి, అందులో తిండి వస్తువులు లేకుండా చూసుకోండి. తీశాక వెంటనే కవరు విప్పకూడదు, చాలామంది చెడగొట్టేది ఇక్కడే. చల్లటి ఫెల్ట్‌కి గది గాలి తగిలితే నీళ్లు పట్టేస్తుంది. 24 గంటలు అలాగే మూసి ఉంచి తర్వాత విప్పండి.

కలరా ఉండలు వేయొద్దు. ఆ వాసన ఫెల్ట్‌లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, ఆ ఆవిరి మనిషికీ మంచిది కాదు. వేపాకు పెట్టే అలవాటుంటే టోపీకి ఆనించకండి, ఆకు పసరు లేతరంగు ఫెల్ట్ మీద మరక వేస్తుంది.

చిల్లుల విషయంలో నా సలహా: అంచు కిందే కదా, వదిలేయండి. తప్పదనుకుంటే తోలుపట్టీ వెనక, బయటికి కనబడని చోట, సన్నని గరుకు కాగితంతో మెల్లగా గీరితే కాస్త నూగు వస్తుంది. అదే రంగు, అదే బొచ్చు. చిటికెడు గోధుమపిండి జిగురు తడితో ఆ నూగుని చిల్లులో కూరి వేలితో అద్దండి. ఫెవికాల్ మాత్రం వాడొద్దు, ఆరాక గట్టిపడి మెరుస్తుంది, మళ్లీ తీయడం కుదరదు.

శుభ్రం చేయడానికి కావాల్సింది గుర్రపు వెంట్రుకల మెత్తటి బ్రష్షు, కొత్తది. బూట్ల పాలిష్ తగిలిన బ్రష్షు పనికిరాదు. నూగు సాధారణంగా పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో పడుకుని ఉంటుంది. ఎడమ పక్క మొదలుపెట్టి ఆ దిశలోనే పొట్టి పొట్టి దెబ్బలుగా తుడవండి. ఎదురు తుడిస్తే దుమ్ము లోపలికి పోతుంది. నొక్కుల్లో, రిబ్బను అంచు వెంబడి పేరుకున్న దుమ్ముకి మెత్తటి మేకప్ కుంచె సరిపోతుంది. తల నూనె మరక ఉంటే ముల్తానీ మట్టి పొడిగా, జల్లించి, మరక మీద చల్లి రాత్రంతా ఉంచి పొద్దున బ్రష్షుతో దులపండి. ఒకసారితో సగమే పోవచ్చు, రెండోసారి చేయండి. నల్ల టోపీకి ఈ పద్ధతి వద్దు, తెల్లటి పొడి నూగులో ఇరుక్కుపోతుంది. మీ బూడిదరంగు దానికైతే ముందు తోలుపట్టీ వెనక ఓ మూల వేసి చూడండి.

రిబ్బను మీది మరకని నీళ్లతో తుడవొద్దు. పాత రిబ్బన్ల రంగు తడికి కారి ఫెల్ట్‌లోకి దిగుతుంది. ఆ గీత తాతగారి నుదుటి చెమట, దాని మానాన దాన్ని ఉండనివ్వండి.

ముక్కవాసనకి అత్తరు, సెంటు చల్లడం లాంటివి చేయకండి. పంకా గాలి తగిలే నీడలో మూడు నాలుగు రోజులు తలకిందులుగా పెట్టండి. బూజు తెల్లటి పొడిలా కనబడితే అది పూర్తిగా ఆరాకే, బయట దులపాలి. తడి బూజుని తుడిస్తే పులిమినట్టవుతుంది.

తోలుపట్టీ దగ్గర మనవాళ్లు చేసే పెద్ద తప్పు కొబ్బరినూనె, ఆముదం రాయడం. రాసిన రోజు మెత్తగా బాగుంటుంది. కొన్ని వారాలకి నూనె ఫెల్ట్‌లోకి ఇంకి బయట రిబ్బను పైన నల్లటి చార తేలుతుంది, కొన్నాళ్లకి కంపు కొడుతుంది. తోలు ఇంకా వంగుతుంటే రంగులేని లెదర్ కండిషనర్ బఠాణీ గింజంత, మెత్తటి గుడ్డ మీద తీసుకుని పట్టీ పైతట్టు మాత్రమే, బంగారు అక్షరాల్ని తప్పించి రుద్దండి. ఒక రోజు ఆరనివ్వండి. తోలు ఎర్రటి పొడిగా రాలుతుంటే ఏ క్రీమూ దాన్ని బతికించదు. అలాంటి పట్టీని మార్చాలనిపిస్తుంది, కానీ అక్షరాలున్న పట్టీ పోతే టోపీ ఎవరిదో చెప్పే ఆనవాలే పోతుంది. నేనైతే మార్చను. ఉతికిన పల్చటి మల్లు గుడ్డని రెండు మడతలు వేసి పట్టీ మీదుగా పరిచి, కుట్టకుండా, ఫోటో అయ్యేదాకా ఉంచుతాను.

సొట్టకి ఆవిరి పట్టాలి. బయట, కెటిల్ ముక్కుకి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, సొట్ట పడ్డ చోట మాత్రమే, పది సెకన్లు. ఆవిరి తోలుకి తగలకూడదు, తోలు ఫెల్ట్‌కన్నా ముందు ముడుచుకుంటుంది. ఫెల్ట్ మెత్తబడగానే లోపలి నుంచి వేళ్ల కండతో, గోళ్లు తగలకుండా, బయటికి నెట్టి అలాగే చల్లారేదాకా పట్టుకోండి. ఆకారం నిలిచేది చల్లారేటప్పుడే, ఆవిరి పట్టేటప్పుడు కాదు. ఒక్కసారిగా సరిచేయాలని చూడకుండా గంటకోసారి కొద్దికొద్దిగా చేయండి. దశాబ్దాల మడత మీద చిన్న చీలిక కనబడితే అక్కడితో ఆపేయండి. ముందు నొక్కు దగ్గర ఒకవైపు నూగు అరిగి నున్నగా ఉందంటే తాతగారు ఎప్పుడూ అక్కడే పట్టుకుని టోపీ తీసేవారన్నమాట. ఆ నొక్కుని ఆవిరితో విప్పేయకండి.

ఇక కొలత. చీటీ మీద 7 అని ఉంది, టోపీ ఇంగ్లీషుది. ఇంగ్లీషు 7 అంటే 57 సెంటీమీటర్లు, అమెరికా 7 అంటే 56. ఇంగ్లీషు 7ని అమెరికా లెక్కలో 7 1/8 అంటారు. ఈ తేడా తెలియక పాత టోపీలు కొని బిగుతైపోయి బాధపడేవాళ్లు చాలామంది. అయితే చీటీ చెప్పేది టోపీ పుట్టినప్పటి కొలత. ఇప్పటి కొలత కోసం పల్చటి కాగితం పట్టీని లోపల తోలు వెంబడి ఆనించి, చుట్టుకొలత గుర్తుపెట్టి, స్కేలుతో కొలవండి. ఒక సెంటీమీటరు దాకా తగ్గి ఉండటం వింత కాదు. నాన్నగారి తల కొలత చెవులకి ఒక వేలు పైన, నుదుటి మధ్యగా, వెనక ఉబ్బు మీదుగా టేపు తిప్పి తీసుకోండి.

టోపీ వదులైతే సులువు. మెత్తటి నూలు గుడ్డ మడిచిన పట్టీలు, ఒక్కోటి పది సెంటీమీటర్లు, తోలుపట్టీ వెనక రెండు పక్కలా పెట్టండి, చాలకపోతే వెనక కూడా. బిగుతైతే మాత్రం సాగదీయడానికి తొందరపడొద్దు. కొత్త టోపీని సాగదీసే చెక్క సాధనం పాత తోలు కుట్టుని పుటుక్కుమనిపిస్తుంది. అర సెంటీమీటరు తేడా అయితే కాస్త వెనక్కి పెట్టుకుంటే సరి. అంతకు మించితే తలకెక్కించే ప్రయత్నం మానేసి నాన్నగారి చేతిలో పెట్టండి. పాత స్టూడియో ఫోటోల్లో టోపీని చేతిలోనో, పక్కనున్న బల్ల మీదో పెట్టుకున్నవాళ్లు కోకొల్లలు, అందులో లోటేమీ లేదు. ఇంకో సంగతి: నుదురు, వెనక నొక్కుతూ కణతల దగ్గర సందు ఉంటే అది కొలత తప్పు కాదు, నాన్నగారి తల కోల ఆకారం. తాతగారిది కాస్త గుండ్రమన్నమాట.

షష్టిపూర్తి రోజు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆ పీటల మీద ఉండే ప్రతి వస్తువూ ఫెల్ట్‌కి శత్రువే. మంగళస్నానం చేసిన తడి జుట్టు, తల నూనె, నుదుట కుంకుమ, విభూతి. అన్నిటికన్నా అక్షింతలు. వాటి పసుపు బూడిదరంగు ఫెల్ట్ మీద పడితే వదలదు, నూనె మరకకి చెప్పిన ముల్తానీ మట్టి దాని మీద పనిచేయదు. కాబట్టి ఫోటో ముందురోజు సాయంత్రం తీయండి. అదే రోజు తీయాలంటే తెల్లవారుజామున, స్నానానికి ముందు, పొడి జుట్టుతో, నుదుట ఏమీ లేకుండా. టోపీని నొక్కు దగ్గర పట్టుకోకండి, చూడ్డానికి ఆ పద్ధతి దర్జాగా ఉంటుంది గానీ పాత ఫెల్ట్ అక్కడే చీలుతుంది. రెండు చేతులతో అంచు ముందు వెనక పట్టుకుని తలమీద దించాలి. రిబ్బను ముడి మగవాళ్ల టోపీకి ఎడమ పక్కకి రావాలి, కుడికి వచ్చిందంటే టోపీ తిరగబడిందని అర్థం. బంధువులందరూ ఒకసారి పెట్టుకుని చూస్తామంటారు. మొహమాటపడకుండా వద్దనండి.

ఫోటో అయ్యాక నూలు పట్టీలు తీసి, ఒక రోజు నీడలో ఆరబెట్టి, ఆ తర్వాతే పెట్టెలో పెట్టండి. బీరువాలో చీరల మధ్య కుక్కడం, అటక మీద పెట్టడం రెండూ వద్దు. అటక ఎండాకాలంలో కొలిమి, వానాకాలంలో చెమ్మ. టోపీకన్నా అన్ని పక్కలా మూడు వేళ్లు పెద్దదైన అట్టపెట్టె తీసుకుని, మధ్యలో టిష్యూ కాగితం గుండ్రంగా ముద్ద చేసి దాని మీద టోపీని కూర్చోబెట్టండి. అంచు గాలిలో ఉండాలి, పెట్టె అడుగుకి ఆనకూడదు. ఆనితే ముందుభాగం చదునైపోతుంది. మూసేసిన ప్లాస్టిక్ డబ్బా వద్దు. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో గాలిలో తేమ 65, 70 శాతం దాటిందంటే బూజుకి అదను. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, చిన్న తేమ మీటరు పెట్టి, వానాకాలంలో నెలకోసారి తెరిచి చూడండి. టోపీ ఎవరిది, ఎక్కడ పనిచేసేటప్పుడు పెట్టుకునేవారు, ఏ పెట్టెలో దొరికింది అన్నది నాన్నగారి నోటి నుంచే విని కాగితం మీద రాసి, తీసిన ఫోటో ప్రింటుతో సహా పెట్టె మూతలో పెట్టండి. పాదరసం ఉండొచ్చు, చేతితొడుగులు వాడాలి అన్న మాట కూడా అందులోనే రాయండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పెట్టె తెరిచే పిల్లలకి అది తెలియాలి.

హైదరాబాదు వైపు కుటుంబాల పెట్టెల్లో ఇలాంటి టోపీల పక్కనే ఎర్రటి రూమీ టోపీ కూడా దొరుకుతుంటుంది. అదీ ఫెల్టే. టర్కీలో 1925లో దాన్ని నిషేధించారు, ఇక్కడ ఆ తర్వాత కూడా పెట్టుకున్నారు. దానికి అంచు లేదు కాబట్టి నిలబెట్టే దాచొచ్చు. కానీ ఎరుపు రంగు తడికి కారుతుంది, ఆవిరి అసలు పట్టొద్దు. కుచ్చు దారాలు పట్టువైతే చిక్కు తీయడానికి దువ్వెన వాడకుండా వేళ్లతోనే విడదీయండి.

ఈ టోపీ చూశాక ఇంకొకటి కొనాలనిపిస్తే, జుమ్మెరాత్ బజార్‌లో చూసినా ఆన్‌లైన్‌లో చూసినా, మొదట లోపలి భాగం చూడండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే చిమ్మెట చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి. పట్టీ కుట్టు గట్టిగా ఉందా, అంచు అలలు తిరిగిందా చూడండి. ఇటలీ బోర్సాలినో, అమెరికా స్టెట్సన్ పేర్లు తోలు మీద కొట్టిన నకిలీలు ఉంటాయి, పేరు చూసి డబ్బు పెట్టకుండా ఫెల్ట్ చూసి పెట్టండి.

షష్టిపూర్తి ఇంకెంత దూరంలో ఉందో మీరు రాయలేదు. ఫ్రీజర్‌కి రెండు వారాలు, వాసన పోవడానికి మూడు నాలుగు రోజులు, బ్రష్షు, ముల్తానీ మట్టి పనికి రెండు రోజులు, సొట్టకి ఒక రోజు, తోలుకి ఒక రోజు. అడ్డంకులు కలుపుకుని నెల రోజుల ముందు మొదలుపెట్టండి. అంత సమయం లేకపోతే పురుగు ఆనవాళ్లు చూసి, బయట దులిపి, తోలుపట్టీ మీద ఆ మల్లు గుడ్డ పరిచి ఫోటో తీసుకోండి. టోపీని విడిగా కవరులో పెట్టి, ఫ్రీజర్ పని వేడుక అయ్యాక చేయండి.